సమా: గ్లూకోజ్ లారేట్ దిగుబడి సగంలో ఆగిపోతోంది

లైపేజ్ అనే ఎంజైమ్‌తో గ్లూకోజ్ లారేట్ (గ్లూకోజ్, లారిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం కలిసి ఏర్పడే ఎస్టర్) చేస్తుంటే దిగుబడి సగంలో ఆగిపోతోందని అడిగారు. ఫ్లాస్కులో పేరుకున్న నీరే కారణం అయి ఉంటుంది. గ్లూకోజ్, లారిక్ యాసిడ్ కలిసి ఎస్టర్ అయిన ప్రతిసారీ ఒక నీటి అణువు పుడుతుంది. అది బయటికి పోకపోతే లైపేజ్ అదే ఎస్టర్‌ను మళ్లీ విడగొడుతుంది.

నీటిని పీల్చుకోడానికి మాలిక్యులర్ సీవ్స్ (సన్నని రంధ్రాలున్న గుళికలు) వేశానన్నారు. డబ్బాలోంచి తీసి నేరుగా వేశారా? చాలామంది పొరపడేది ఇక్కడే. ఒకసారి మూత తీసిన డబ్బాలో అవి గాలిలోని తేమను ముందే పీల్చేసి ఉంటాయి, ఇక మీ నీటికి చోటెక్కడిది?

1. 3 ఆంగ్‌స్ట్రామ్ సీవ్స్‌ను మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్‌లో వాడే అధిక వేడి కొలిమి) 250 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. 110 డిగ్రీల ఓవెన్ చాలదు.
2. డెసికేటర్‌లో (తేమ చొరబడని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే వేయండి.
3. గ్లూకోజ్ సీసా లేబుల్ చూడండి. మోనోహైడ్రేట్ (నీరు కలిసి ఉన్నది) అయితే మార్చి, అన్‌హైడ్రస్ (నీరు లేనిది) వాడండి.
4. కలపడానికి మాగ్నెటిక్ బార్ వద్దు, లైపేజ్ అతికించి ఉన్న పూసలు నలిగిపోతాయి. షేకర్ మీద పెట్టండి.