నాటక పరిశోధన రాస్తున్న అమ్మాయికి

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సురభి నాటకాలపై నీవు పంపిన వ్యాసం చదివాను. ఘటోత్కచుడి ప్రవేశాన్ని వర్ణించిన నాలుగు పేజీలు బాగున్నాయి. సిద్ధాంతాలు ఏకరువు పెట్టిన మొదటి ఆరు పేజీలను రెండుకు కుదించు. ఇక దీన్ని ఏ పరిశోధన పత్రికకు పంపాలన్నది నీ ప్రశ్న.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ), తాను గుర్తించిన పరిశోధన పత్రికల పట్టికైన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపివేసి, మంచి పత్రికను గుర్తించే బాధ్యతను విద్యాసంస్థలకూ పరిశోధకులకూ వదిలేసింది. జాబితాలోని పత్రికల పేర్లతోనే దొంగ వెబ్‌సైట్లు తెరిచి డబ్బు గుంజినవారున్నారు కనుక, అది పోయిందని నేను పెద్దగా విచారించడం లేదు. రుసుము కడితే వారంలో ప్రచురిస్తామన్న పత్రికకు జవాబే రాయవద్దు. ప్రచురణకు ముందు వ్యాసాన్ని పరిశీలించేవాడు రంగస్థలం తెలిసిన సమీక్షకుడైతే ఎన్ని ప్రదర్శనలు చూశావు, ఎక్కడ కూర్చుని చూశావు, తెర వెనుకకు వెళ్ళావా అని అడుగుతాడు. ఆ ప్రశ్నలు వారం రోజుల్లో రావు.

చాలా ఏళ్ళ క్రితం నేనొక ప్రచురణసంస్థకు హక్కులన్నీ రాసిచ్చి సంతకం చేశాను. ప్రదర్శన ముగిశాక అర్ధరాత్రి దాకా కూర్చుని నాకు తెరల మర్మాలు చెప్పిన కళాకారుడు ఆ వ్యాసం ప్రతి అడిగితే, పంచే హక్కు నాకు లేదు, అందులోని ఇంగ్లీషు ఆయనకు రాదు. ఇప్పుడు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందిస్తున్నారు. మంచిదే, నీవూ వాడుకో. కాని 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాలు ఈనాడు నివసిస్తున్న శేరిలింగంపల్లికి ఆ లాగిన్ చేరదు.

అందుకే రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోకుండా, ఖర్చును విశ్వవిద్యాలయమో పరిషత్తో భరించే పత్రికలకే మన రంగంలో భవిష్యత్తు ఉందని నమ్ముతున్నాను. రుసుము కట్టడానికి విజ్ఞానశాస్త్రాల వారికున్నట్టు ప్రాజెక్టు నిధులు మనకెక్కడివి? వ్యాసంతోపాటు వీడియోను కూడా ప్రచురించే పత్రిక దొరికితే మరీ మంచిది, ఎందుకంటే తెర వెనుక తీగ లాగే మనిషి చేతి నేర్పు అక్షరాల్లో సగమే పడుతుంది. ఒప్పందం వచ్చినప్పుడు, వ్యాసం తెలుగు రూపాన్ని విడిగా ప్రచురించుకునే హక్కు నీకే ఉంచుకో.

రెండో పేజీలో 'స్టేజ్ మెషినరీ' అని రాశావు. సురభివారు దాన్ని ఏమంటారో అడిగి, ఆ మాట వేసి, మళ్ళీ పంపు.