బ్యాంకు వాల్యుయర్ ఫ్లాట్ విలువ ఎందుకు తగ్గించి రాస్తాడు?

మీరు 80 లక్షలకు మాట్లాడుకున్న ఫ్లాట్‌కి, ఇంటి రుణం ఇచ్చేముందు విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యుయర్ 70 లక్షలే రాశాడంటే కంగారు పడకండి. రేపు అప్పు తీరక బ్యాంకే అమ్ముకోవాల్సి వస్తే ఎంత పలుకుతుందన్నది కూడా ఆయన చూసుకోవాలి.

ఆయన టేపుతో గదులు కొలిచి, మంజూరైన ప్లాన్‌తో పోలుస్తాడు. ఐదంతస్తులకు అనుమతి తెచ్చి ఆరోది వేసుంటే, అందులోని ఫ్లాట్‌కి అసలు విలువే కట్టకపోవచ్చు. బ్రోచర్‌లో 1,500 చదరపు అడుగులని ఉన్నా, లిఫ్టు, మెట్లు, కారిడార్ వాటా తీసేస్తే లోపల మిగిలేది చాలా తక్కువ. పాత అపార్ట్‌మెంట్ అయితే కట్టడం విలువ ఏటా తరుగుతుంది. నిలిచేది మీ పేరున వచ్చే స్థలం వాటా. డాక్యుమెంట్‌లో అది ఎన్ని గజాలో ముందు చూడండి.

అసలు చిక్కు మరొకటి. మన దగ్గర చాలామంది రిజిస్ట్రేషన్‌లో ప్రభుత్వ విలువే చూపించి, మిగతాది నగదుగా ఇచ్చేస్తారు. దాంతో పక్క ఫ్లాట్ నిజంగా ఎంతకు పోయిందో కాగితం మీద ఉండదు, వాల్యుయర్‌కి పోల్చుకోవడానికి ఆధారం దొరకదు. నిజాయితీగా పూర్తి ధర రాయించుకున్నవాళ్లే ఇక్కడ నష్టపోతున్నారు, అది నాకు బాధ.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు రుణాలకు విలువలో 80 శాతమే గరిష్ఠం. అంటే మీకు 64 బదులు 56 లక్షలే. స్టాంప్ డ్యూటీ మీ జేబులోంచే. అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య పూర్తి ధరకు రిజిస్టరైన డాక్యుమెంట్ దొరికితే, దాన్ని చూపి మళ్లీ వాల్యుయేషన్ అడగండి.