పాత స్పీకర్లకు అడ్వాన్స్ పంపకండి, ముందు గ్రిల్ తీయించండి

ప్రశ్న: 1980ల నాటి పెద్ద ఫ్లోర్ స్పీకర్ల జత ఒకటి ఆన్‌లైన్‌లో 18 వేలకు కనిపించింది. అమ్మే ఆయన బెంగళూరులో ఉంటారట. చాలామంది అడుగుతున్నారు, 5 వేలు అడ్వాన్స్ పంపితే మీకోసం పక్కన పెడతాను అంటున్నారు. పంపవచ్చా? ఇంకో విషయం. ఇంట్లో సౌండ్‌బార్ ఉండగా ఇవెందుకని మా ఆవిడ అడుగుతోంది. ఏం చెప్పాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పంపకండి. ఒక్క రూపాయి కూడా.

ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకసారి స్పీకర్లు, ఒకసారి కెమెరా లెన్సు, ఇంకోసారి గ్రామఫోన్. వస్తువు మారుతుంది గానీ కథ అదే. ఫొటోలు బాగుంటాయి, ధర కాస్త తక్కువగా ఉంటుంది, అమ్మే మనిషి చాలా మర్యాదగా మాట్లాడతాడు. ఆర్మీలో పనిచేస్తున్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతాడు. ఆ కార్డు ఇంకెవరిదో అయి ఉంటుంది. అడ్వాన్స్ వెళ్లాక ప్యాకింగ్ ఖర్చు అంటాడు, తర్వాత ట్రాన్స్‌పోర్ట్ ఇన్సూరెన్స్ అంటాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. చాలామంది మొదటి 5 వేలతో ఆగరు. పోయిన డబ్బు తిరిగొస్తుందన్న ఆశతో ఇంకో 5 వేలు పంపుతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

అసలు మనిషో కాదో తేల్చడానికి ఒక మార్గం ఉంది. వీడియో కాల్ చేయమనండి. కాగితం మీద ఈరోజు తేదీ రాసి స్పీకర్ మీద పెట్టి, ముందున్న గుడ్డ గ్రిల్ తీసి, పాట పెట్టి చూపించమనండి. నిజంగా స్పీకర్లు ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. నెట్‌వర్క్ బాలేదు, స్పీకర్లు గోడౌన్‌లో ఉన్నాయి లాంటి మాటలు వస్తే అక్కడితో వదిలేయండి. కాల్‌లో అంతా బాగున్నా డబ్బు మాత్రం వస్తువు ముందు నిలబడి ఇవ్వండి. బెంగళూరు వెళ్లలేకపోతే అక్కడున్న బంధువునో స్నేహితుణ్నో పంపండి.

మీరు అమ్మే వైపు ఉన్నా ప్రమాదం తక్కువేమీ కాదు. కొంటానన్న మనిషి క్యూఆర్ కోడ్ పంపి, ఇది స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో డబ్బు పడుతుందంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఇలా స్కాన్ చేసి పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టే. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే అవతలివాళ్లు యూపీఐలో మన నుంచి డబ్బు కోరుతూ పంపే సందేశాలను, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది, మంచిదే. కానీ క్యూఆర్ కోడ్ దారి తెరిచే ఉంది. కొరియర్ ట్రాకింగ్ యాప్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపేవాళ్లూ ఉన్నారు. అది ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి చిక్కుతాయి. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో దాచిపెట్టడం వల్లే చాలామంది ఆ అవకాశం పోగొట్టుకుంటున్నారు.

ఇక స్పీకర్ల సంగతి. అమ్మే మనిషి ఇంట్లోకి అడుగు పెట్టగానే పాట పెట్టమనకండి, గ్రిల్ తీయమనండి. చాలా ఏళ్ల క్రితం సికింద్రాబాద్‌లో నేను ఒక జత కొన్నాను. టేకు వెనీర్ మీద గీత కూడా లేదు, ఆ అందం చూసి గ్రిల్ తీయించలేదు. ఇంటికి తెచ్చి తీశాక వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే ఫోమ్ అంచు మీద వేలు పెడితే, తడిసిన బూడిదలా జిగటగా వేలికి అంటుకుని ఊడి వచ్చింది. ఆ జిగట సబ్బుతో కూడా ఒక పట్టాన వదల్లేదు.

ఆ అంచును సరౌండ్ అంటారు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని పెట్టెలో వూఫర్ బిగించి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకునే స్పీకర్‌ను తెచ్చాడు. చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రావడం అప్పుడు పెద్ద విశేషం. గాలి స్ప్రింగ్ పనిచేయాలంటే కోన్, అంటే కదిలి శబ్దం చేసే గరాటు, దాని అంచు చాలా మెత్తగా ఉండాలి. మొదట్లో దానికి బట్ట వాడేవారు, తర్వాత ఫోమ్ చాలా కంపెనీలకు అలవాటైంది. పాలియురెథేన్ ఫోమ్ పది, ఇరవై ఏళ్లలో తనంతట తానే పొడైపోతుంది. గాలిలో తేమ ఉంటే ఇంకా తొందరగా పోతుంది, కాబట్టి విశాఖ, కాకినాడ వైపు కొనేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. రబ్బరు అంచు, బట్ట అంచు ఉన్నవి చాలా ఎక్కువ కాలం మన్నుతాయి.

ఫోమ్ పోయినంత మాత్రాన స్పీకర్ పోయినట్టు కాదు. కొత్త ఫోమ్ వేయిస్తే మళ్లీ పాడుతుంది, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం ఆడండి. అయితే మైకు సెట్ స్పీకర్లు బాగుచేసే చోట ఇస్తే, ఉన్న కోన్ తీసేసి మందపాటి కాగితం కోన్ అతికించి ఇస్తుంటారు. శబ్దం వస్తుంది గానీ అది ఆ స్పీకర్ గొంతు కాదు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో విచారించండి. కోన్ మార్చొద్దు, అంచు మాత్రమే మార్చాలని గట్టిగా చెప్పండి.

తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ను నాలుగు వైపులా సమానంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గరగరమని రాపిడి వినిపిస్తే కోన్‌ను కదిలించే తీగ చుట్ట, అంటే వాయిస్ కాయిల్, పక్కకు జరిగింది, లేదా కాలి ఉబ్బింది. మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. 8 ఓమ్‌ల స్పీకర్ అయితే వెనక వైర్లు బిగించే టెర్మినల్స్ దగ్గర సుమారు 5.5 నుంచి 7 ఓమ్‌లు చూపాలి. అక్కడే చాలామంది ఆగిపోయి మోసపోతారు. మీటర్‌కు కనిపించేది వూఫర్ ఒక్కటే. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్ ట్వీటర్. దానికి ముందు మీటర్ కరెంటును అడ్డుకునే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది కాలిపోయి ఉన్నా మీటర్ చెప్పదు. పాట పెట్టి, ఒక్కో ట్వీటర్ దగ్గర చెవి పెట్టి వినాల్సిందే. పెట్టె అడుగున కూడా చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలిన పార్టికల్ బోర్డు ఉబ్బి ఉంటుంది. చెద సంగతి చెప్పక్కర్లేదు.

పాట ఏది పెట్టాలి? నేనైతే ఘంటసాల, సుశీల గార్ల 1960ల నాటి పాట పెడతాను. అప్పటి సినిమా పాటలు మోనో. రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకటే కాబట్టి, మధ్యలో కూర్చుంటే గొంతు సరిగ్గా రెండింటి నడుమ నిలబడాలి. ఒకదాని ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే గొంతు ఎక్కడుందో తెలియకుండా చెదిరిపోతుంది, బేస్ పలచబడుతుంది. వైర్లు సరిచేశాక కూడా గొంతు ఒకవైపే లాగుతుంటే ఒక స్పీకర్‌లో ఏదో తేడా ఉంది.

ఇప్పుడు మీ ఆవిడ ప్రశ్న. టీవీలో వార్తలకు, సీరియల్ మాటలకు సౌండ్‌బార్ చాలు, ఆ మాట ఆవిడతో ఒప్పుకోండి. పాటకు మాత్రం చాలదు. ఎడమ, కుడి అన్న తేడా ఒక మూరెడు పెట్టెలో ఇమడదు.

ఇక్కడ నాకు చాలాకాలంగా ఉన్న కోపం కూడా చెప్పాలి. యాప్ లేనిదే పాడని వైర్‌లెస్ స్పీకర్లు ఇళ్లలోకి వచ్చిపడ్డాయి. ఒకరోజు అప్‌డేట్ వస్తుంది, నిన్నటిదాకా ఉన్న బటన్ మాయమవుతుంది, అలారం పోతుంది, పాత ఫోన్‌లో యాప్ తెరుచుకోదు. ఇంకొన్నాళ్లకు మీ మోడల్‌కు సపోర్ట్ ఆపేశామని ఒక మెయిల్. కోన్ బాగుంది, కాయిల్ బాగుంది, పెట్టె బాగుంది, అయినా పాట రాదు. డబ్బు పెట్టి కొన్న వస్తువును దూరం నుంచి మూగది చేసే హక్కు ఎవరికీ ఉండకూడదు. 1980ల స్పీకర్‌కు రెండు టెర్మినల్స్, రెండు వైర్లు ఉంటే చాలు. దానికి పాస్‌వర్డ్ లేదు, మైకు లేదు, మీ ఇంట్లో మాటలు వినదు. పిల్లలున్న ఇంట్లో నాకిది చిన్న విషయం కాదు.

కొనేముందు ఒక పని చేయండి. స్పీకర్ అడుగు కొలతలకు రెండు పాత న్యూస్ పేపర్లు కత్తిరించి, హాల్లో గోడకు రెండడుగుల ముందు నేల మీద అతికించి వారం రోజులు ఉంచండి. చీపురు ఎక్కడ అడ్డుపడుతుందో, బీరువా తలుపు తెరుచుకుంటుందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది. మీ ఆవిడ కాగితాన్ని ఒక అడుగు పక్కకు జరిపితే అక్కడే పెట్టండి. ధర 18 వేలైతే 18 వేలనే చెప్పండి. దాచిన ధర బ్యాంకు మెసేజ్‌లో బయటపడిందని, అప్పట్నుంచి స్పీకర్లు ఆన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉందని నాకు రాసినవాళ్లున్నారు.

మా ఇంట్లో ఫోమ్ మార్చిన స్పీకర్లలో మొదట పెట్టింది మా అమ్మకు ఇష్టమైన సుశీల గారి పాట. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, పాట అయ్యేదాకా గరిటె చేత్తో పట్టుకుని వింది. ఆ తర్వాత ఆ పెట్టెలు ఎందుకని ఎవరూ అడగలేదు.

ప్రశ్న: మావారు జపాన్ నుంచి వచ్చిన పాత ఆంప్లిఫయర్ కొన్నారు. ప్లగ్‌కు రెండు పిన్నులే ఉన్నాయి. మూడేళ్ల బాబు ఉన్నాడు, భయంగా ఉంది. (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ భయం సరైనదే, ఇంకా ప్లగ్ పెట్టకపోతే పెట్టనివ్వకండి. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనకు 230. వెనకున్న రేకు మీద ఎంత రాసి ఉందో చూడండి. 100 అని ఒక్కటే ఉంటే నేరుగా పెట్టగానే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. 230ని 100కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వేరే కొనాలి. ఆంప్లిఫయర్ రేకు మీద రాసిన వాట్లకు అది కనీసం రెట్టింపుది అయి ఉండాలి, ప్రైమరీ, సెకండరీ చుట్లు విడిగా ఉన్న రకమే అడగండి. దాని మూడు పిన్నుల ప్లగ్ ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. ప్లగ్ తీసేశాక కూడా ఆంప్లిఫయర్ లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది కాబట్టి మూత విప్పి దుమ్ము తుడవడం లాంటివి ఇంట్లో చేయొద్దని, టెక్నీషియన్ చేతే చేయించాలని మీవారికి గట్టిగా చెప్పండి. పొడుగు స్పీకర్లు కూడా ఉంటే, బాబు పట్టుకుని లేచినప్పుడు మీద పడకుండా వాటి వెనక భాగాన్ని గోడకు పట్టీతో బిగించండి.