పిరమిడ్ రాళ్ళలో పప్పు గింజలు

ప్రశ్న: మొన్న ఈజిప్టు టూర్‌కి వెళ్ళినప్పుడు గిజా పిరమిడ్ రాళ్ళలో గుండ్రటి బిళ్ళలు చూశామండీ. కొన్ని మైసూర్ పప్పంత, కొన్ని రూపాయి బిళ్ళంత. కూలీలు తినగా మిగిలిన పప్పు రాయైపోయిందని గైడ్ చెప్పాడు, మా అబ్బాయేమో కాదు, అవి ఒకే కణం ఉన్న సముద్ర జీవులంటాడు. ఒక్క కణం అంత పెద్దదవుతుందా? చిన్నవీ పెద్దవీ వేరే జాతులా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే కరెక్టండీ. వాటిని నమ్యులైట్స్ అంటారు, లాటిన్‌లో చిన్న నాణెం అనే మాట నుంచి 1801లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరది. పప్పు కథ కూడా మీ గైడ్ అల్లింది కాదులెండి, సుమారు 2000 ఏళ్ళ కిందటే స్ట్రాబో అనే గ్రీకు పండితుడు అక్కడివాళ్ళు అలా చెప్పుకుంటుంటే విని రాసిపెట్టాడు.

4 కోట్ల ఏళ్ళకు ముందు అక్కడ వెచ్చటి, లోతు తక్కువ సముద్రం ఉండేది, ఇవి చచ్చిపోయాక వీటి గుల్లలు అడుగున పేరుకుని సున్నపురాయైంది, ఆ రాయినే కోసి పిరమిడ్లు కట్టారు.

ఇక ఒక్క కణం సంగతి. గుల్లని మధ్యకి చీల్చి చూస్తే చక్కిలం చుట్టలా ఉంటుంది, చుట్టంతా చిన్నచిన్న గదులు. జీవి పెరిగేకొద్దీ ఒక్కో గది కట్టుకుంటూ పోతుంది, గదుల మధ్య కంతలు ఉంటాయి కాబట్టి అన్నిట్లోనూ ఉండేది ఒకే జీవపదార్థం. ఈ గదుల్ని చూసే ఫోర్స్‌కాల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, ఆయన పోయాక 1775లో అచ్చైన పుస్తకంలో, దీన్ని నాటిలస్ అనే సముద్ర జీవి అనుకుని ఆ పేరే పెట్టాడు, అంటే ఆక్టోపస్ చుట్టాల్లో కలిపేశాడు. 1835లో ఫ్రాన్స్‌లో డుజార్డిన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి గుల్లజీవుల్నే బతికుండగా చూసి, లోపల అవయవాలేమీ లేవు, దారాల్లా సాగే జిగురుపదార్థమే ఉందని చెప్పాక గానీ ఆ పొరపాటు సర్దుకోలేదు. ఇప్పుడు ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల్లో లెక్కేస్తున్నాం.

మీ రెండో ప్రశ్న నాకు భలే నచ్చింది, ఎందుకంటే పెద్దపెద్దవాళ్ళే అక్కడ తడబడ్డారు. ఒకే జాతిలో రెండు రూపాలుంటాయి. ఆడ–మగ కణాల్లాంటివి కలిసి పుట్టింది బాగా చిన్న మొదటి గదితో మొదలై పెద్ద బిళ్ళవుతుంది, తల్లి కణం ముక్కలై పుట్టింది పెద్ద గదితో మొదలై చిన్నగానే ఆగిపోతుంది. పైకి పోలికే ఉండదు, అందుకే ఒకే జాతికి రెండేసి పేర్లు పెట్టేశారు పాపం. సైజు చూసి జాతి తేల్చకూడదండీ. బిళ్ళని మంటమీద బాగా కాల్చి చన్నీళ్ళలో వేస్తే సరిగ్గా మధ్యకి రెండు పలకలుగా విడిపోతుంది, పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. అప్పుడు లెన్స్ పెట్టి మొదటి గది ఎంతుంది, చుట్లెన్ని, గదుల మధ్య గోడలు నిటారుగా ఉన్నాయా వంగాయా చూడాలి.

గిజా దగ్గర రాయి మాత్రం ముట్టుకోకండి. ఇవి మన గుజరాత్‌లో కచ్ సున్నపురాళ్ళలో కూడా బోలెడున్నాయి, అబ్బాయిని ఈసారి అటు తీసుకెళ్ళండి.