సోరియాసిస్‌కి జిమ్ములోని ట్యానింగ్ బెడ్ పనికొస్తుందా?

డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 63. ఉక్కు కర్మాగారంలో పని చేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో ఉంటున్నాం. పద్నాలుగేళ్లుగా మోచేతుల మీద, మోకాళ్ల మీద, నడుము దగ్గర సోరియాసిస్ ఉంది. కిందటి చలికాలం బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు వీపంతా పాకింది. ఇక్కడికొచ్చాక కొంత తగ్గింది. ఈ మధ్య పరీక్ష చేయిస్తే విటమిన్ డి 13 అని వచ్చింది. నవంబరు రెండో వారంలో మళ్లీ వెళ్లి మార్చి దాకా ఉంటాం. అబ్బాయి వెళ్లే జిమ్ములో ట్యానింగ్ బెడ్ ఉందట. అందులో రోజూ కాసేపు పడుకుంటే సోరియాసిస్ తగ్గుతుంది, డి విటమిన్ కూడా వస్తుంది అని మా వియ్యంకుడు గారు అంటున్నారు. మా ఆవిడకి అక్కడ చలికాలంలో ఊరికే దిగులుగా ఉంటుంది. తనకీ మంచిదేనట. నాకు బీపీ ఉంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ బెడ్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. అయితే మీ వియ్యంకుడు గారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో చెప్పకుండా ఊరికే వద్దంటే, బోస్టన్‌లో దిగిన మర్నాడే మీరు ఆ బెడ్డెక్కుతారు. నా దగ్గరికొచ్చే పేషెంట్లను చూసి చెబుతున్న మాట ఇది.

ముందు ఆ బెడ్ సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. తెల్లతోలు వాళ్లకు గోధుమరంగు తేలితే అందం. ఎండ దొరకని చోట దానికోసం డబ్బు కట్టి, మూతపెట్టె లాంటి మంచంలో పడుకుంటారు. కిందా పైనా ట్యూబులైట్లు, మధ్యలో మనిషి. మన విశాఖ బ్యూటీ పార్లర్లలో అదే రంగు పోగొట్టడానికి ‘డీ-ట్యాన్’ ప్యాకేజీలు అమ్ముతారు. వాళ్లు తెచ్చుకోవడానికి, మనం వదిలించుకోవడానికి, డబ్బు మాత్రం ఇద్దరమూ కడుతున్నాం.

ఇక ఆ సగం నిజం. అతినీలలోహిత (యూవీ) కిరణాలు సోరియాసిస్‌ను తగ్గిస్తాయి. చర్మంలో అదుపు తప్పి గొడవ చేస్తున్న రోగనిరోధక కణాలను అణుస్తాయి, పైపొర మరీ వేగంగా పెరగకుండా చూస్తాయి. కాంతితో చర్మానికి వైద్యం చేయవచ్చని చూపించినందుకే 1903లో నీల్స్ ఫిన్సెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వైద్యం చేసింది చర్మానికి వచ్చే క్షయకు. మన ఆయుర్వేదంలోనూ బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండ చూపించే పద్ధతి చాలా పాతది. బావంచాల్లో ఉండే సోరాలెన్ లాంటి పదార్థాలు ఇచ్చి యూవీ కిరణాలు చూపించే ‘పూవా’ చికిత్స తర్వాత వచ్చింది. కాబట్టి వెలుతురు మందే. మరి మందన్నాక ఏ మందు, ఎంత మోతాదు, ఎవరికి అనేవి చూడాలి కదా! జిమ్ములోని బెడ్ దగ్గర ఆ మూడూ చూసేవాళ్లు ఉండరు.

‘ఏ మందు’ దగ్గరే తేడా మొదలవుతుంది. యూవీలో ‘ఏ’, ‘బి’ అని రెండు రకాల కిరణాలు మన చర్మం దాకా వస్తాయి. చర్మంలో డి విటమిన్ తయారు చేసేవి బి కిరణాలు. సోరియాసిస్‌కు ఎక్కువగా పని చేసేవీ అవే. ఆసుపత్రుల్లో మేం వాడే ట్యూబులు 311 నానోమీటర్ల దగ్గర సన్నటి పట్టీలో ఆ బి కిరణాలనే వదులుతాయి. దాన్ని న్యారోబ్యాండ్ యూవీబీ అంటాం. ట్యానింగ్ బెడ్లలో వచ్చేది దాదాపు అంతా ‘ఏ’ రకం, బి చాలా కొంచెం. ‘ఏ’ కిరణాలు చర్మంలో లోతుకు దిగుతాయి, రంగు తేలుస్తాయి, ముడతలు తెస్తాయి. డి విటమిన్‌కు మాత్రం పనికిరావు. శక్తిమంతమైన బెడ్లలో ఈ ‘ఏ’ కిరణాలు మధ్యధరా తీరంలో మిట్టమధ్యాహ్నం ఎండ కంటే 10 నుంచి 15 రెట్లు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ కొద్దిపాటి బి కిరణాల వల్ల కొందరికి సోరియాసిస్ మచ్చలు పలచబడ్డ మాట నిజమే. ఫోటోథెరపీ (కాంతి చికిత్స) అందుబాటులో లేని ఊళ్లలో కొందరు డాక్టర్లు తమ పర్యవేక్షణలో ఆ బెడ్డునే వాడించి చూశారు కూడా. కానీ ఒక్కో బెడ్డుది ఒక్కో లెక్క, ట్యూబులు మార్చిన రోజు ఒక లెక్క, పాతబడ్డాక ఇంకో లెక్క. మీరు పడుకున్న రోజున ఎంత మోతాదు పడిందో చెప్పగలిగేవారు అక్కడ ఉండరు.

ఇక్కడ ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. గాజువాక అబ్బాయి, ఓడలో ఉద్యోగం. యూరప్‌లో ఓడ ఆగిన ఊళ్లో తోటివాళ్లతో సరదాగా వెళ్లి ఇరవై నిమిషాలు పడుకున్నాడట. ‘నా నలుపుకి ఇదేం చేస్తుందిలే’ అనుకున్నాడు. నాకు చూపించే సరికి వారం దాటింది. వీపు మీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. రెండు భుజం ఎముకల మీద, నడుము కింద మాత్రం అరచేయంత మేర ఏమీ కాకుండా తెల్లగా మిగిలింది. బెడ్ గాజుకు ఒత్తుకున్న చోట రక్తం ఆడదు, అందుకని అక్కడ రంగు తేలదు. ఆ మూడు మచ్చలు చూడగానే ‘బెడ్డెక్కావా?’ అని అడిగాను. సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఆఫ్రికా వెళ్లే ఓడ కావడంతో మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నాడు. ఎండకు చర్మం తొందరగా కందిపోయేలా చేసే మందుల్లో అదొకటి.

మీరు వేసుకునే మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఆ జాబితాలోదే. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించిన వాక్యం అదే. ఆ మందు మీద ఉన్నవారికి మామూలు ఎండే ఎక్కువ తగులుతుంది. ఏళ్ల తరబడి వాడినవారిలో కొన్ని రకాల చర్మ క్యాన్సర్లు కాస్త ఎక్కువగా కనిపించడంతో, మందు కాగితం మీద ఆ హెచ్చరిక కూడా చేర్చారు. పెరుగుదల చిన్నదే, మన రంగు చర్మానికి ఇంకా తక్కువ, కాబట్టి బెంబేలు పడొద్దు. ఇది చదివి మాత్ర మానేయొద్దు. బీపీ చూసే డాక్టరు గారిని ‘కాంతి చికిత్సకు వెళ్తున్నాను, మందు మార్చే వీలుందా?’ అని అడగండి, చాలు. మార్చదగ్గ మందులు బోలెడున్నాయి.

సోరియాసిస్‌కు ఇంకో పాడు గుణం ఉంది. చర్మానికి ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ కొత్త మచ్చ లేస్తుంది. గీరుకున్నా లేస్తుంది, కాలినా లేస్తుంది. తగ్గించుకోవడానికి వెళ్లి వీపు కాల్చుకుంటే రెండు మూడు వారాల్లో ఆ కాలిన మేరంతా సోరియాసిస్ రావొచ్చు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

క్యాన్సర్ మాట కూడా దాచకుండా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ట్యానింగ్ బెడ్లను పొగాకు, ఆస్‌బెస్టాస్‌లున్న మొదటి వర్గంలో, అంటే కచ్చితంగా క్యాన్సర్ కలిగించేవాటి సరసన చేర్చింది. అదే ఏడాది బ్రెజిల్ వాటిని నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2015 జనవరి 1 నుంచి చాలా రాష్ట్రాలు ఆ వ్యాపారాన్ని మూయించాయి. అమెరికాలో 2014 నుంచి ‘18 ఏళ్లలోపు వారు వాడరాదు’ అన్న హెచ్చరిక ఆ యంత్రాల మీద ఉండాలి. 2010 నుంచి 10 శాతం ప్రత్యేక పన్ను కూడా వేస్తున్నారు. ముప్పు ఎక్కువ కనిపించింది చిన్న వయసులో మొదలుపెట్టిన తెల్లవాళ్లలో. 63 ఏళ్ల వయసులో, మీ రంగుకు, నాలుగు నెలల వాడకంతో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ వచ్చేస్తుందని నేను బెదిరించను, అది నిజాయితీ కాదు. మీ విషయంలో నా భయాలు వేరే. కాలడం, మందుతో పేచీ, సోరియాసిస్ పాకడం, కళ్లు.

కళ్ల గురించి చెప్పాలంటే పెదజాలరిపేట వెళ్లి చూడండి. ముప్పై నలభై ఏళ్లు సముద్రం మీద గడిపిన మత్స్యకారుల్లో కొందరికి నల్లగుడ్డు మీదికి ముక్కు వైపు నుంచి ఎర్రటి కండ పాకి ఉంటుంది. ఎండలోని యూవీ, ఉప్పుగాలి కలిసి చేసే పని అది. మెడ వెనక చర్మం ఎండిన పొలంలా గళ్లుగళ్లుగా చీలి ఉంటుంది. వాళ్లదీ మనదీ ఒకటే రంగు. నలుపు గొడుగులాంటిది, వాన మరీ జోరుగా ఉంటే గొడుగు ఉన్నా తడుస్తాం. బెడ్లో రెప్పలు మూసుకుంటే చాలదు, రెప్పలోంచి కిరణాలు లోపలికి పోతాయి.

డి విటమిన్ సంగతికి వద్దాం. 13 అంటే తక్కువే, 20 లోపు లోపం కిందే లెక్క. విశాఖలో ఉంటూ ఎండకు కొదవేమిటని మీకు అనిపించే ఉంటుంది. నా పేషెంట్లలో రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచేవాళ్లకు కూడా 12, 15 అని రిపోర్టులు వస్తుంటాయి. ‘లేత ఎండలో డి విటమిన్ ఉంటుంది’ అన్న మాట మన ఇళ్లలో పాతుకుపోయింది. పొద్దున్నే సూర్యుడు వాలుగా ఉంటాడు, బి కిరణాలు గాలిలోనే ఆగిపోతాయి. మీ నీడ మీ కంటే పొట్టిగా ఉన్న వేళ తగిలే ఎండే డి విటమిన్ ఇస్తుంది, అంటే మనం గొడుగు వేసుకుని తిరిగే వేళ. పైగా మన రంగు చర్మానికి తెల్లవారి కంటే ఎక్కువ సేపు కావాలి. బోస్టన్‌లో అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం బయట నిలబడ్డా చర్మంలో డి విటమిన్ తయారు కాదని 1980ల్లోనే తేల్చారు. మీరు ఉండబోయేది సరిగ్గా ఆ నెలల్లోనే.

దీనికి బెడ్డెందుకు? 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత వేసుకోవడం మామూలు పద్ధతి. ఆ తర్వాత ఎలా కొనసాగించాలో మళ్లీ పరీక్ష చేయించి నిర్ణయిస్తారు. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు, కాల్షియం ఎక్కువున్నవారు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. ఒక్క జాగ్రత్త: వారానికి ఒకటి అని చీటీ మీద రాస్తే రోజుకొకటి వేసుకుని, వాంతులతో, పాడైన కిడ్నీలతో వచ్చినవాళ్లను చూశాను. క్యాలెండరు మీద ఆదివారం గళ్లకు సున్నా చుట్టుకోండి.

ఇప్పుడు మీ సోరియాసిస్‌కు అసలు చేయాల్సింది. ఇది ఆగస్టు ఆఖరు. ప్రయాణానికి పది వారాలకు పైనే ఉంది. న్యారోబ్యాండ్ చికిత్స వారానికి మూడుసార్ల చొప్పున 20 నుంచి 30 సార్లు అవుతుంది, అంటే ఏడు నుంచి పది వారాలు. నగరంలో పెద్ద ఆసుపత్రుల చర్మ విభాగాల్లో అడగండి. యంత్రం ఉందా, ఏ రోజుల్లో పని చేస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చే శ్రమ వృథా కాదు. బట్టల బీరువాలా నిలువుగా ఉంటుంది ఆ గది. లోపల గోడల నిండా ట్యూబులు. కళ్లకు నల్లద్దాలు పెట్టి, మర్మాంగాలకు గుడ్డ కప్పి నిలబెడతారు. ఊదారంగు వెలుతురు వస్తుంది, ఫ్యాన్ హోరు వినిపిస్తుంది. మొదటి రోజు సాధారణంగా నిమిషం కూడా ఉండదు. ‘ఇంతేనా?’ అని మొహం చిన్నబుచ్చుకుంటారు చాలామంది. మళ్లీ వెళ్లినప్పుడు నర్సు అడిగే మొదటి ప్రశ్న ‘నిన్న ఎర్రబడిందా?’. లేదంటే కొంచెం పెంచి కార్డు మీద రాస్తుంది, ఎర్రబడితే ఆపుతుంది లేదా తగ్గిస్తుంది. ట్యానింగ్ బెడ్ దగ్గర దొరకనిది ఆ ప్రశ్నే. మీ బీపీ మాత్ర సంగతి, శుక్లం ఆపరేషన్ సంగతి మొదటి రోజే చెప్పండి.

అక్కడికి వెళ్లాక మచ్చలు మళ్లీ మొదలైతే, స్నానం మరీ వేడి నీళ్లతో చేయొద్దు. ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ వాజిలైన్ లాంటిది గానీ దట్టంగా పట్టించండి. హీటరున్న గదుల్లో గాలి పొడి, చర్మాన్ని పీల్చేస్తుంది. ఇక్కడి డాక్టరు రాసిచ్చిన పూత మందులు నాలుగు నెలలకు సరిపడా చీటీతో సహా తీసుకెళ్లండి. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు అంతంత మాత్రమే. ఇంట్లోనే వాడుకునే న్యారోబ్యాండ్ యంత్రాలు అమెరికాలో ఉన్నాయి. అవి ఆసుపత్రి చికిత్సకు తీసిపోవని 2024లో అక్కడ జరిగిన పెద్ద పరిశోధనలో తేలింది కూడా. కానీ డాక్టరు చీటీ ఉండాలి, ఖర్చు ఎక్కువ. నాలుగు నెలల కోసం నేనైతే కొనమనను.

మీ ఆవిడ గారి దిగులుకు చికిత్స ఉంది, అది కూడా వెలుతురే, కాకపోతే యూవీ లేని వెలుతురు. 10,000 లక్స్ లైట్ బాక్స్ అని దొరుకుతుంది. పొద్దున లేచాక అరగంట దాని ముందు కూర్చుని కాఫీ తాగుతూ పేపరు చదువుకోవచ్చు. అది కంటి ద్వారా పని చేస్తుంది. ట్యానింగ్ బెడ్లో కళ్లు కప్పుకోవాలి కాబట్టి అక్కడ ఆ లాభమే లేదు. దిగులు రెండు వారాలు దాటి, నిద్ర, తిండి దెబ్బతింటుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. ‘పరాయి దేశం కదా, అంతే’ అని సర్దిచెప్పకండి.

చికిత్స పూర్తయ్యాక ఆసుపత్రిలో మీ ఫోటోథెరపీ కార్డు అడిగి తీసుకోండి. ఎన్నిసార్లు నిలబడ్డారు, చివరి మోతాదు ఎంత అన్నది అందులో ఉంటుంది. అక్కడ ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొస్తే మొదట అడిగేది అదే. ఒక జిరాక్స్ తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.