నిద్ర పట్టదా, పట్టనివ్వరా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తున్నాను. ఇల్లు లేనివాళ్ల మానసిక ఆరోగ్యం మీద ప్రాజెక్టు. అఫ్జల్‌గంజ్, నాంపల్లి స్టేషన్ దగ్గర డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడుగుతుంటే దాదాపు అందరికీ డిప్రెషన్ స్కోరే వస్తోంది, నమ్మొచ్చా? ఒకాయన తనలో తనే మాట్లాడుకుంటాడు, ఆయనకి ఏం చెయ్యాలి? ఇంటికొచ్చాక నాకూ నిద్ర పట్టట్లేదండీ.

జవాబు: మంచి పని చేస్తున్నారమ్మా. స్కోరు ఒక్కటే చూసి మాత్రం డిప్రెషన్ అని రాసెయ్యకండి. ఆ 9 ప్రశ్నల్లో నిద్ర, ఆకలి, నీరసం గురించే మూడున్నాయి, ఉస్మానియా ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద చెప్పులు తలకింద పెట్టుకుని పడుకునే మనిషికి దోమలు, హారన్లు, ఎవరో వచ్చి లేపడం ఇవన్నీ ఉంటే ఆ మూడింటికే 9 మార్కులు పడిపోతాయి, మనమేమో 10 వస్తే డిప్రెషన్ అనుకుంటాం. అందుకే నిద్ర పట్టదా, పట్టనివ్వరా అని విడిగా అడగండి, వాళ్లు చెప్పిన మాటలు ఉన్నదున్నట్టు రాసుకోండి. నైట్ షెల్టర్‌లో ప్రశాంతంగా పడుకునే వీలున్నా వారాల తరబడి నిద్ర రాకపోతే, దేనిమీదా ఆసక్తి లేదంటే అప్పుడు జబ్బు కోణంలో చూడాలి.

చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అనే చివరి ప్రశ్నకి ఎవరైనా అవునంటే పేపర్ పక్కన పెట్టేయండి. ఎలా చనిపోవాలనుకుంటున్నారు అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడొద్దు, అలా జరగదు. ఒంటరిగా వదలకుండా అక్కడే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, రాత్రైనా పలుకుతారు, ప్రమాదం అనిపిస్తే 108.

ఇక ఆయన సంగతి. తనలో తను మాట్లాడుకున్నంత మాత్రాన ఎర్రగడ్డ కేసు అనుకోకండి ప్లీజ్, జ్వరం, షుగర్ పడిపోవడం, ఎప్పుడో తలకి తగిలిన దెబ్బ ఏదైనా కావచ్చు. తాగుడు మానేసిన రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతూ లేనివి కనపడుతున్నాయంటే అది ప్రాణం మీదకొచ్చే విషయం, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. తిండి, బట్ట కూడా తెలియని స్థితిలో తిరుగుతుంటే పోలీసులకి చెప్పండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత వాళ్లదే, లాకప్‌లో పెట్టడానికి లేదు. ఇల్లు లేనివాళ్లకి ఆ ట్రీట్‌మెంట్ ఫ్రీగా పొందే హక్కు కూడా అదే చట్టంలో ఉంది.

ప్రాజెక్టుకి ఒప్పుకున్నట్టు వేలిముద్ర అడిగితే ఎక్కడికో ఎత్తుకెళ్తారని చాలామంది భయపడతారు, నోటిమాటతో ఒప్పుకుంటే చాలేమో కాలేజీ ఎథిక్స్ కమిటీని అడగండి. ఫొటోలు, ఆధార్ వద్దు. టీ ఇప్పిస్తే జవాబు చెప్పినా చెప్పకపోయినా ఇప్పించండి.

మీ నిద్ర గురించి: అంత బాధ విన్నాక ఎవరికైనా అలాగే ఉంటుంది, తప్పేం లేదు. ఒక్కరే వెళ్లకండి, రోజుకి ఇద్దరు ముగ్గురితో ఆపేయండి, విన్నది అదే సాయంత్రం మీ గైడ్‌తో చెప్పుకోండి. రెండు వారాలైనా తగ్గకపోతే సైకియాట్రిస్టుని కలవండి, నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కోవద్దు.