నాలుకకు తెలిసే ఉప్పు, ప్యాకెట్‌లో ఉండే ఉప్పు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సాయంత్రం టీకి మా ఇంట్లో ఒకరికి మొనాకో కావాలి, ఒకరికి క్రాక్‌జాక్, ఇంకొకరికి ఫిఫ్టీ-ఫిఫ్టీ. మా అత్తగారికి క్రీమ్ క్రాకర్ తప్ప నచ్చదు, అందులో ఉప్పే లేదంటారు. వీటిలో దేనిలో ఉప్పెక్కువ అని రోజూ వాదనే. తేల్చి చెప్పండి.
– గృహిణి, తెనాలి

జవాబు: నోట్లో పెట్టగానే ఉప్పగా తగిలేది మొనాకో. క్రాక్‌జాక్, ఫిఫ్టీ-ఫిఫ్టీ రెండూ తీపి, ఉప్పు కలిసిన రకాలు, కాబట్టి ఆ తర్వాతి వరస. క్రీమ్ క్రాకర్ అన్నిటికన్నా చప్పన (పేరులో క్రీమ్ ఉందే గాని లోపల క్రీమ్ ఏమీ ఉండదు). అయితే ఇది నాలుక చెప్పే వరస. ప్యాకెట్ వెనక పట్టికలో వరస ఇలాగే ఉండాలని లేదు.

లాలాజలంలో కరిగితే తప్ప ఉప్పు నాలుకకు తెలియదు. బిస్కెట్ పైన చల్లిన ఉప్పు పలుకు తగలగానే కరిగిపోతుంది. పిండిలో కలిపిన ఉప్పు పిండికి, నూనెకు మధ్య ఇరుక్కుని ఉంటుంది. నమిలి మింగేలోగా అందులో కొంతే బయటపడుతుంది, మిగతాది నాలుకకు తెలియకుండానే కడుపులోకి పోతుంది. క్రీమ్ క్రాకర్‌లో ఉప్పంతా పిండిలోనే ఉంటుంది. అందుకే మీ అత్తగారికి లేనట్టు అనిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక మొనాకోను రెండుగా విరవండి. ఒక ముక్కను ఉప్పు ఉన్న వైపు నాలుకకు ఆనేలా పెట్టుకుని నమలండి. నీళ్లు తాగి, ఒక నిమిషం ఆగి, రెండో ముక్కను ఉప్పు పైకి ఉండేలా పెట్టుకోండి. ఒకే బిస్కెట్, అయినా మొదటి ముక్క బాగా ఉప్పగా ఉంటుంది.

ఇక తీపి సంగతి. పచ్చడిలో ఉప్పెక్కువైతే చిన్న బెల్లం ముక్క పడేస్తాం కదా. ఉప్పు ఎక్కడికీ పోదు, నాలుకకు తెలియడం తగ్గుతుందంతే. తీపి-ఉప్పు బిస్కెట్లలో చక్కెర చేసే పని అదే.

అసలు లెక్క కావాలంటే పట్టికలో ‘సోడియం’ అన్న వరస చూడండి. ఆ అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు. 100 గ్రాములకు 800 మి.గ్రా. సోడియం అని ఉందనుకోండి: 800 × 2.5 = 2000 మి.గ్రా., అంటే 2 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ నికర బరువును బిస్కెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కోటి ఎంతో తెలుస్తుంది. అది 4 గ్రాములైతే బిస్కెట్‌కు 0.08 గ్రా. ఉప్పు, పది తింటే 0.8 గ్రా. రకాలను పోల్చేటప్పుడు 100 గ్రాముల అంకెనే చూడండి. ‘ఒక సర్వింగ్‌కు’ (ఒకసారి తినే పాలుకు) అన్న అంకె కంపెనీకో తీరుగా ఉంటుంది.

ఒక మాట: ఉత్తగా తినడానికి మొనాకో బాగుంటుంది గాని, టీలో ముంచారంటే దాని బలమంతా కప్పులో కరిగిపోతుంది. ముంచుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఉప్పు పిండిలో ఉన్న రకాలే మేలు.

ప్రశ్న: కాలేజీలో ఆహార ప్రదర్శనకు నాలుగు రకాల ఉప్పు బిస్కెట్లను పేర్లు చెప్పకుండా రుచి చూపించి మార్కులు వేయించాలనుకుంటున్నాం. ఎలా చేస్తే తప్పులు రాకుండా ఉంటాయి?
– డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నాలుగు రకాలు చాలు, అంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది. ప్యాకెట్లన్నీ అదే రోజు, అదే గంటలో విప్పండి. కొన్ని బిస్కెట్ల మీద పేరు అచ్చై ఉంటుంది కాబట్టి విరిచి ఇవ్వక తప్పదు, కాని విరిచేటప్పుడు పైన ఉప్పు రాలుతుంది. అరచేతిలో కాకుండా పళ్లెంలోనే, ఉప్పు వైపు పైకి పెట్టి విరవండి, దులపకండి. ప్యాకెట్ అడుగున ఉన్న పొడిని ఎవరికీ పెట్టొద్దు, రాలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

పళ్లేలకు ఒకటి, రెండు, మూడు అని గాని, ఏ, బీ, సీ అని గాని పెట్టకండి. ‘ఒకటి’ అని కనిపించగానే అదే మంచిదన్న భావం కలుగుతుంది. 482, 719 లాంటి మూడంకెల సంఖ్యలు వేయండి. రుచి చూసే వరస ఒక్కొక్కరికి మార్చండి; అందరూ ఒకే వరసలో తింటే మొదటిది అందరికీ ఉప్పగానే ఉంటుంది. మధ్యలో గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, కనీసం ఒక నిమిషం ఆగాలి. టీ, కాఫీ, వక్క, పాన్ అరగంట ముందు నుంచే బంద్. అందరూ ఉప్పు వైపే నాలుకకు ఆనించాలని ముందే చెప్పండి. ఇది మరిచారంటే పైజవాబులో చెప్పిన తేడా మీ మార్కులన్నిటినీ తారుమారు చేస్తుంది.

పదికి ఒకే మార్కు అడగకండి, మూడు అడగండి: తగలగానే ఎంత ఉప్పు, ఐదుసార్లు నమిలాక ఎంత, మింగిన అరనిమిషానికి ఎంత. పైన చల్లిన రకానికి మొదటి మార్కు ఎక్కువగా వచ్చి తర్వాత పడిపోతుంది. పిండిలో కలిపిన రకం మెల్లగా పైకెళ్తుంది. ఈ రెండు గీతలు పక్కపక్కన గీసి చూపిస్తే మీ ప్రదర్శనకు అదే ఆకర్షణ.

ఒక రకాన్ని వేరే సంఖ్యతో రెండోసారి కూడా పెట్టండి. ఆ రెండింటికీ పదిలో రెండు కన్నా ఎక్కువ తేడాతో మార్కులు వేసినవారి కాగితం పక్కన పెట్టేయొచ్చు. మొత్తం మీద పన్నెండు మందైనా లేకపోతే ఏ తీర్మానమూ చెప్పకండి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. వానాకాలంలో ఉప్పు బిస్కెట్లు గంటలో మెత్తబడతాయి, పైగా ఉప్పు తగ్గినట్టు ఉంటుంది. తీపి బిస్కెట్లు ఇంత తొందరగా పాడవ్వవు. ఎందుకు?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనంతట తానే కరుగుతుంది. మీ ఊళ్లో వానాకాలమంతా దాదాపు అదే పరిస్థితి. బిస్కెట్ పైన ఉన్న పలుకు ఇలా కరిగి లోపలి పిండిలోకి ఇంకుతుంది. ఉప్పు బరువు తగ్గలేదు, ఉన్న చోటు మారింది. పైన ఉండాల్సింది లోపలికి పోయింది కాబట్టి చప్పబడ్డట్టు ఉంటుంది. పైగా క్రాకర్ పలచన, పొరపొరగా ఉంటుంది కాబట్టి తేమ ఇట్టే చొరబడుతుంది. పొయ్యి నుంచి దిగేటప్పుడు అందులో తేమ రెండు మూడు శాతమే, అది కొంచెం పెరిగినా కరకర పోతుంది.

మెత్తబడ్డవాటిని ఒవెన్‌లో 130 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 నిమిషాలు ఉంచండి. ఒవెన్ లేకపోతే దళసరి పెనం, బాగా సన్నని మంట, నాలుగైదు నిమిషాలు, ఒకసారి తిప్పండి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, కంగారు పడకండి. పూర్తిగా చల్లారాకే కరకర వస్తుంది. వెచ్చగా ఉండగా డబ్బాలో పోస్తే ఆవిరి పట్టి మళ్లీ మొదటికొస్తుంది. మైక్రోవేవ్ ఈ పనికి నప్పదు, ఒకచోట మాడి ఒకచోట మెత్తగా మిగులుతుంది. ఇలా కరకర తిరిగొస్తుంది గాని లోపలికి ఇంకిన ఉప్పు పైకి రాదు. అంచేత చిన్న ప్యాకెట్లే కొనండి.

ప్రశ్న: మా నాన్నగారికి బీపీ. ఉప్పు బిస్కెట్లు మాన్పించి, చప్పగా ఉన్నాయని క్రీమ్ క్రాకర్లు రోజుకు ఎనిమిది ఇస్తున్నాం. పర్వాలేదా?
– పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చప్పగా ఉండటం, సోడియం తక్కువగా ఉండటం ఒకటి కావు. ప్యాకెట్ తిప్పి చూడండి. బీపీకి లెక్కలోకి వచ్చేది సోడియం, అది ఉప్పు నుంచే రానక్కర్లేదు. వంట సోడా బరువులో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ సోడియమే, కాని అది ఉప్పగా ఉండదు. పదార్థాల జాబితాలో 500(ii) అని ఉంటే అదే సోడా. 621, 627, 631 అన్నవి రుచి పెంచేవి, వాటిలోనూ సోడియం ఉంటుంది.

పెద్దవాళ్లకు రోజంతటికీ ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాటా అదే. అంటే సోడియం 2000 మి.గ్రా. ఒక్కో క్రాకర్ 7 గ్రాములు, 100 గ్రాములకు 600 మి.గ్రా. సోడియం అనుకుంటే ఎనిమిదింటికి 336 మి.గ్రా. అవుతుంది. రోజు మొత్తంలో ఆరో వంతు టీ దగ్గరే అయిపోయినట్టు. ఆవకాయ, అప్పడం, సాంబారు ఇంకా మొదలే కాలేదు. రెండు మూడుకు తగ్గించి, మిగతా చోట ఉప్పు లేని మరమరాలో, ఉప్పు వేయకుండా వేయించిన శనగలో పెట్టండి. ప్యాకెట్ మీద ‘లో సోడియం’ అని రాయాలంటే మన నిబంధనల ప్రకారం 100 గ్రాములకు 120 మి.గ్రా. మించకూడదు. మామూలు క్రాకర్లేవీ ఆ దరిదాపులకు రావు. పొటాషియం కలిపిన ‘తక్కువ సోడియం ఉప్పు’ మాత్రం డాక్టరును అడగకుండా వాడొద్దు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం.

ప్రశ్న: ఇంట్లో ఉప్పు బిస్కెట్లు చేస్తే పైన ఉప్పు నిలవదు, రాలిపోతుంది. ఒకోసారి పసుపు మచ్చలు, సబ్బు రుచి. పిండిలో ఉప్పు పెంచినా ప్యాకెట్ బిస్కెట్లంత రుచి రాదు.
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: పిండిలో పెంచడమే పొరపాటు. ఈ కొలత పట్టండి: మైదా 250 గ్రా., నూనె లేదా కరిగించిన వెన్న 40 గ్రా., చక్కెర పొడి 8 గ్రా., ఉప్పు 3 గ్రా., వంట సోడా పావు టీస్పూన్ (1.2 గ్రా.), బాగా పులిసిన పెరుగు 120 గ్రా., చేత్తో నలిపిన వాము కొంచెం. పైన చల్లడానికి విడిగా 2 గ్రా. ఉప్పు.

సోడాను మైదాతో కలిపి రెండుసార్లు జల్లించాలి. మీ పసుపు మచ్చలు సోడా ఉండలు కరగకుండా మిగిలిన చోట్లే. సబ్బు రుచికి కారణం పులుపు చాలకపోవడం: తాజా పెరుగు వేస్తే సోడాకు తగినంత పులుపు దొరకదు, మిగిలిన సోడా నూనెతో కలిసి సబ్బు వాసన తెస్తుంది. పిండికి నూనె పట్టించి, పెరుగుతో గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. 2 మి.మీ. మందాన వత్తి, ఫోర్కుతో అడుగు దాకా దిగేలా గుచ్చండి. చిల్లులు లేకపోతే ఆవిరి బయటికి పోలేక పూరీలా పొంగుతాయి.

ఇప్పుడు ఉప్పు. మామూలు ఉప్పు పలుకులు చిన్న ఘనాలు కాబట్టి దొర్లిపోతాయి. మిక్సీ చిన్న జారులో ఒకసారి తిప్పి బరకగా పొడి చేయండి, అతుక్కోవడమూ కరగడమూ రెండూ బాగుంటాయి. వత్తిన పిండి మీద పలచగా పాలు పూసి, జానెడు ఎత్తు నుంచి చల్లి, అప్పడాల కర్రతో ఒక్కసారి తేలిగ్గా దొర్లించండి. 190 డిగ్రీల వద్ద 12 నుంచి 14 నిమిషాలు, అంచులు ఎర్రబడే దాకా. దించిన వెంటనే వేడి నూనె పలచగా పూస్తే ప్యాకెట్ బిస్కెట్‌కు ఉండే ఆ మెరుపు, ఆ కమ్మదనం వస్తాయి. కార్ఖానాల్లోనూ ఇలాగే నూనె చిలకరిస్తారు.

మొత్తం సుమారు 290 గ్రాముల బిస్కెట్లు దిగుతాయి. ఉప్పు, సోడా రెండూ కలిపితే 100 గ్రాములకు దాదాపు 800 మి.గ్రా. సోడియం. ఇంట్లో చేసినంత మాత్రాన ఉప్పు తక్కువేం కాదు. తగ్గించాలంటే పిండిలో ఉప్పును 1 గ్రాముకు దించండి, పైన చల్లేది ముట్టుకోకండి. తినేవాళ్లు అంతగా పసిగట్టలేరు.

ప్రశ్న: ఇక్కడ రిట్జ్, సాల్టీన్ అనే క్రాకర్లు దొరుకుతాయి. ‘అన్‌సాల్టెడ్ టాప్స్’ అంటే ఉప్పు లేనట్టేనా? మన మొనాకోతో ఎలా పోల్చుకోవాలి?
– పాఠకుడు, డాలస్

జవాబు: ‘టాప్స్’ అన్న మాట గమనించండి. పైన చల్లలేదని మాత్రమే దాని అర్థం, పిండిలో ఉప్పు, సోడా ఉంటాయి. అమెరికా పట్టికలో సోడియం సర్వింగ్ లెక్కన ఇస్తారు. సర్వింగ్ 16 గ్రాములైతే అక్కడి అంకెను 16తో భాగించి 100తో గుణించండి, అప్పుడు మన ప్యాకెట్ పక్కన పెట్టొచ్చు. ‘రెడ్యూస్డ్ సోడియం’ అంటే మామూలు రకం కన్నా కనీసం 25 శాతం తక్కువ అని, అంతే. రుచికి రిట్జ్‌లో నూనె, తీపి ఎక్కువ, మనవాళ్లకు క్రాక్‌జాక్ వైపు తోస్తుంది. సాల్టీన్ పిండిని ఈస్టుతో గంటల తరబడి పులియబెడతారు. తీపి లేకుండా పైన పలుకు ఉప్పుతో ఉంటుంది కాబట్టి మొనాకో అలవాటైన నాలుకకు అదే దగ్గర.

ప్రశ్న: ఉస్మానియా బిస్కెట్ ఉప్పు బిస్కెట్టా, తీపి బిస్కెట్టా?
– పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తీపిదే. వెన్న, చక్కెర ముందు, ఉప్పు వెనక. ఆ కాస్త ఉప్పు తీయండి, ఉత్త వెన్న బిస్కెట్ మిగులుతుంది. ఇరానీ చాయ్‌లో ముంచినా దాని రుచి చెడకపోవడానికి కారణం ఉప్పు పైన చల్లకుండా పిండిలో కలపడమే. ముంచి మూడు లెక్కపెట్టేలోగా తీసేయండి, నాలుగోదానికి విరిగి కప్పులో పడుతుంది.